పిట్ట కొంచెం, కూతా కొంచెమే

హైదరాబాద్‌లో ఎవరైనా "మా కాలనీలో వడ్రంగి పిట్టను చూశాను" అంటే, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది నేల మీద ఉందా, చెట్టు మీద ఉందా? పార్కు గడ్డిలో నడుస్తూ, పొడవాటి వంపు ముక్కుతో మట్టిని గుచ్చుతూ, నెత్తిన విసనకర్రలాంటి కుచ్చును విప్పి మూసే పక్షిని చాలామంది వడ్రంగి పిట్ట అనేస్తారు. అది హూపో. ఉర్దూ మాట్లాడేవాళ్లు దాన్ని హుద్‌హుద్ అంటారు. నేలను తవ్వుకుని బతికే ఆ పక్షికీ, చెక్కను చెక్కే వడ్రంగికీ వంశం వేరు, పని వేరు.

ఈ పొరపాటు దాటినవాళ్ల కళ్ల ముందు మెదిలేది సాధారణంగా బంగారు వీపు వడ్రంగి పిట్ట. వీపు పసుపు, తల మీద ఎర్రటి కుచ్చు, గొంతు నలుపు, గొంతు మీద తెల్లని చుక్కలు. ఇది 26 నుంచి 29 సెంటీమీటర్ల పొడవుంటుంది. కొబ్బరి చెట్ల మీదా, పాత బంగళాల మామిడి చెట్ల మీదా దిగి, గుర్రం సకిలించినట్టు అరుస్తూ ఎగిరిపోతుంది. దాన్ని చూడకుండా ఉండటమే కష్టం. ఊరి చుట్టుపక్కల అడవుల్లో దాని చిన్న చుట్టాలు కూడా ఉన్నాయి. వాటిని చూసినవాళ్లు కూడా పిచ్చుకనుకునో, ఆకు కదిలిందనుకునో వదిలేస్తుంటారు.

ఆ చిన్నవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గోధుమ నెత్తి మరుగుజ్జు వడ్రంగి పిట్ట. పక్షి పరిశీలకులు బ్రౌన్-క్యాప్డ్ పిగ్మీ వుడ్‌పెక్కర్ అనేది దీన్నే. శాస్త్రీయ నామం యుంగిపికస్ నానస్. లాటిన్‌లో నానస్ అంటే మరుగుజ్జు. 1832లో విగర్స్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు. రెండోది పసుపు నెత్తి వడ్రంగి పిట్ట, దీని శాస్త్రీయ నామం లియోపికస్ మహ్రట్టెన్సిస్. మరాఠా దేశం పేరు అందులోనే ఉంది కాబట్టి పాత పుస్తకాలు దీన్ని మహ్రట్టా వుడ్‌పెక్కర్ అన్నాయి. ఒకప్పుడు ఈ రెంటినీ డెండ్రోకొపస్ అనే ఒకే ప్రజాతిలో వేశారు. తర్వాత విడదీశారు. పాత పుస్తకంలో ఒక పేరు, ఫోన్ యాప్‌లో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పిట్ట మారలేదు, ఇంటిపేరు మారిందంతే.

రెండూ నలుపు, గోధుమ రంగుల మీద తెల్లని చుక్కలూ చారలూ ఉన్నవే. రెండూ కొమ్మను అంటిపెట్టుకుని పాకుతాయి. కొత్తగా పక్షులను చూసేవాళ్లు తికమక పడేది ఇక్కడే. రంగులను పోల్చి తేల్చుకోవాలని చూస్తారు. చిన్న వడ్రంగి పిట్ట విషయంలో రంగు కంటే ముందు కొమ్మను చూడటం మేలు. పిట్ట ఎంత లావు కొమ్మ మీద పని చేస్తోందో గమనిస్తే సగం జవాబు దొరికినట్టే.

దీనికి కారణం బరువు. బంగారు వీపు వడ్రంగి సుమారు 90 నుంచి 130 గ్రాములు తూగుతుంది. దానికి మాను కావాలి, లేదా లావాటి కొమ్మ కావాలి. పసుపు నెత్తిది 17, 18 సెంటీమీటర్ల పిట్ట. బరువు 28 నుంచి 46 గ్రాములు. ఇది మధ్యరకం కొమ్మల మీదా, పొట్టి చెట్ల మాను మీదా, తుమ్మ పొదల మీదా తిరుగుతుంది. మరుగుజ్జు పొడవు 13 సెంటీమీటర్లే. బరువు 13 నుంచి 17 గ్రాములు, అంటే పిచ్చుక బరువులో దాదాపు సగం. పెద్ద వడ్రంగులు కాలు పెట్టలేని కొసకొమ్మలు, వేలి లావు రెమ్మలు దీని సొంతం. చెట్టు పైభాగంలో, ఆకుల మధ్య, రెమ్మ కింది వైపు తలకిందులుగా వేలాడుతూ కూడా పురుగులు ఏరుకుంటుంది. ఒకే చెట్టు మీద మూడు రకాల వడ్రంగులు ఉన్నా ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాకపోవడానికి ఈ పంపకమే చాలావరకు కారణం. అన్నదమ్ములు గోడ కట్టుకోకుండానే ఇల్లు పంచుకున్నట్టు.

ఈ లెక్క ఎప్పుడూ పక్కాగా పనిచేస్తుందని కాదు. పసుపు నెత్తిది సన్న కొమ్మ మీదికి రావచ్చు, మరుగుజ్జు మాను మీద కనిపించవచ్చు. కాకపోతే ఒక పిట్టను అయిదు నిమిషాలు వదలకుండా చూస్తే దాని అలవాటు బయటపడుతుంది. రెండు సెకన్లు చూసి పేరు పెట్టేవాళ్లకు ఏ సూత్రమూ పనికిరాదు.

కొమ్మ తర్వాత చూడాల్సింది నెత్తి, ఆ తర్వాత పొట్ట. పసుపు నెత్తి పిట్టకు నుదురు పసుపుగా ఉంటుంది. మగదానికి ఆ పసుపు వెనక తల మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, ఆడదానికి ఆ ఎరుపు ఉండదు. రెంటికీ పొట్ట మధ్యలో చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది. పిల్లల్లో అది లేతగా ఉండి సరిగా కనిపించదు. పిట్ట కొమ్మకు పొట్ట ఆనించి ఉంటుంది కాబట్టి ఆ మచ్చ కనిపించాలంటే అది ఒక పక్కకు తిరగాలి, మనకు ఓపిక ఉండాలి. అది కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు, మరుగుజ్జుకు పొట్ట మీద ఎరుపు ఉండదు.

మరుగుజ్జు నెత్తి గోధుమ రంగు. కంటి మీదుగా చెవి దాకా వెడల్పాటి గోధుమ పట్టీ, దాని పైన తెల్లని గీత. వీపు మీద అడ్డంగా తెల్లని చారలు. పొట్ట మాసిన తెలుపు, మీద సన్నని గోధుమ గీతలు. మగదానికి నెత్తి వెనక భాగంలో, రెండు పక్కలా, సన్నటి ఎర్ర గీత ఉంటుంది. పుస్తకంలో బొమ్మ వేసేవాళ్లు దాన్ని స్పష్టంగా వేస్తారు. చెట్టు మీద మాత్రం గాలికి ఈకలు లేచినప్పుడో, పిట్ట కోపంతో నెత్తి నిక్కబొడుచుకున్నప్పుడో తప్ప అది కనిపించదు. ఎరుపు కనిపించలేదు కాబట్టి ఆడదే అని రాసుకోవడం తొందరపాటు. అంతకంటే నమ్మదగిన గుర్తు కన్ను. కంటిపాప చుట్టూ తెల్లగా ఉండి, దాని చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. దగ్గర్లో మంచి వెలుగులో చూస్తే పిట్ట రాత్రంతా నిద్రపోనట్టు కనిపిస్తుంది.

ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌లు కొన్నిసార్లు గ్రే-క్యాప్డ్ పిగ్మీ వుడ్‌పెక్కర్ అనే పేరును సూచిస్తాయి. అది హిమాలయాల వైపు, ఈశాన్య భారతంలో ఉండే పిట్ట, నెత్తి బూడిద రంగు. దక్కనులో దాని పేరు చూపిస్తే తప్పు యాప్‌దో ఫోటోదో, పిట్టది మాత్రం కాదు. ఫోటో తీసిన చోటును యాప్‌కు సరిగా ఇస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది.

సన్న కొమ్మల మీద పాకే ప్రతిదీ వడ్రంగి కాదని కూడా గుర్తుంచుకోవాలి. నట్‌హ్యాచ్ అనే నీలి వీపు పిట్ట కూడా బెరడు మీద తిరుగుతుంది. తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. నట్‌హ్యాచ్ తల కిందికి పెట్టి జరజరా దిగుతుంది. వడ్రంగి పిట్ట మాను మీద తల పైకే ఉంచి, దిగాల్సి వస్తే వెనక్కి వెనక్కి జరుగుతుంది. తోక ఈకలు బిరుసుగా ఉండి, కొమ్మకు ఆనించిన మూడో కాలులా పనిచేస్తాయి. మాను మీద తలకిందులుగా దిగితే ఆ ఆసరా ఉండదు. కాలి వేళ్లు కూడా ఈ పనికి తగ్గట్టే ఉంటాయి, రెండు ముందుకు, రెండు వెనక్కి.

పసుపు నెత్తి పిట్ట కూత "కిక్, కిక్" అని పదునుగా మొదలై, వేగం పుంజుకున్నప్పుడు "కిక్-కిక్-కిక్-ర్‌ర్‌ర్" అని ముగుస్తుంది. మరుగుజ్జుది హెచ్చు శ్రుతిలో సన్నటి గిలక తిప్పినట్టు "ట్రిర్‌ర్‌ర్‌ర్" అనే చిన్న కూత. పిట్ట కొంచెం కూత ఘనం అని సామెత చెప్పినవాడు ఈ పిట్టను విని ఉండడు. జూబ్లీహిల్స్ ట్రాఫిక్ హోరులో ఆ కూత చెవిన పడాలంటే ఆదివారం తెల్లవారుజామే గతి.

కూత కాక దరువు కూడా ఉంది. వడ్రంగి పిట్టలు పాటగాళ్లు కావు. ఎండిన కొమ్మ మీద ముక్కుతో వేగంగా వాయించి, "ఈ చోటు నాది" అని చెబుతాయి. జతకు కబురు కూడా అదే. తిండి కోసం కొట్టే దెబ్బలు ఆగి ఆగి, లెక్క లేకుండా పడతాయి. దరువు మాత్రం ఒకే ఊపులో సాగుతుంది. మరుగుజ్జు దరువు చప్పుడు చాలా చిన్నది, కాస్త దూరం వెళ్తే వినిపించదు. సన్న కొమ్మ మోగేది కూడా అంతంతమాత్రమే కదా.

ఇన్నిసార్లు కొట్టినా తల ఎందుకు దిమ్మెక్కదన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. పుర్రెలో స్పాంజిలాంటి ఎముక దెబ్బను పీల్చేసుకుంటుందని ఏళ్ల తరబడి పాఠాల్లో చెప్పారు. బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి మూడు జాతుల వడ్రంగి పిట్టలను హైస్పీడ్ వీడియోల్లో కొలిచి, 2022లో దీనికి భిన్నమైన మాట చెప్పారు. తల దెబ్బను పీల్చుకోదు, బిగువైన సుత్తిలాగే పనిచేస్తుంది. పీల్చుకుంటే చెక్క మీద పడాల్సిన బలమే వృథా అవుతుంది. మెదడు చిన్నది కావడం వల్లే దానికి ఆ దెబ్బలు ప్రమాదం కావు. మన వడ్రంగి చేతిలో సుత్తికి రబ్బరు తొడిగితే మేకు దిగుతుందా అని అడిగితే, ఏ కార్పెంటరైనా ఈ జవాబు ముందే చెప్పేవాడు.

ముక్కు తెరిచిన దారిలో పని చేసేది నాలుక. వడ్రంగి పిట్టల నాలుక జిగురుగా ఉంటుంది, కొసన సన్నని ముళ్లుంటాయి. దాన్ని మోసే ఎముకల జంట పుర్రె వెనక నుంచి చుట్టుకుని నెత్తి మీదుగా ముందుకు వస్తుంది. బెరడు కింద దాక్కున్న లద్దెపురుగును ముక్కు చేరలేకపోయినా నాలుక చేరుతుంది. మరుగుజ్జుకు అంత లోతు తవ్వకం పెద్దగా ఉండదు. బెరడు పగుళ్లలో, ఆకు తొడిమల దగ్గర ఏరుకోవడం, పైపైన పొడవడం దాని తీరు. చీమలు, చిన్న పెంకు పురుగులు, పురుగు పిల్లలు ముఖ్య ఆహారం. అప్పుడప్పుడు చిన్న పండ్లు, పూల తేనె కూడా.

ఈ పిట్టను వెతకడానికి మంచి కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి ఆకురాల్చే అడవులు. ఆ నెలల్లో టేకు, మోదుగ చెట్ల ఆకులు రాలి కొమ్మలు బోసిగా నిలబడతాయి. పిట్టలు జతకట్టి దరువు వేసే కాలం కూడా సుమారుగా అదే. వానలు పడి ఆకులు ముసురుకున్నాక వెతకడం వృథా ప్రయాస కాదు గానీ మెడ నొప్పి మాత్రం ఖాయం. ఇంకో చిట్కా ఉంది. ఒంటరి మరుగుజ్జు కోసం చూడటం కంటే, అడవిలో చిన్న పిట్టల గుంపు కదులుతున్న చోట ఆగాలి. మినివెట్లు, టిట్‌లు, తెల్లకన్ను పిట్టలు కలిసి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు సాగే గుంపుల్లో ఇది కూడా కలుస్తుంది. గుంపు కదిలితే పురుగులు లేస్తాయి, ఎక్కువ కళ్లు ఉంటే డేగ ముందే కనబడుతుంది.

ఎక్కడ వెతకాలన్నది కూడా చెట్టును బట్టే ఉంటుంది. బండరాళ్లు, సీతాఫలం పొదలు, తుమ్మ, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఖాళీ, ఇది పసుపు నెత్తి పిట్టకు నచ్చే చోటు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలాంటి పొదల అడవి, చిలుకూరు మృగవని జాతీయ పార్కు వైపు నేల ఈ కోవలోకి వస్తాయి. ఊరి నడిబొడ్డున సుమారు 390 ఎకరాల కేబీఆర్ పార్కులో పొదలూ, పెద్ద చెట్లూ కలిసి ఉంటాయి. మరుగుజ్జుకు చెట్లు దగ్గర దగ్గరగా ఉండి పైకొమ్మలు కలిసిన అడవి కావాలి. అందుకే దానికోసం నర్సాపూర్ అడవి వైపో, మూసీ పుట్టిన అనంతగిరి కొండల వైపో వెళ్లడం మేలు. పొద్దునే బయల్దేరాలి, ఎనిమిది రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ చాలు. పది రెట్లది సన్న కొమ్మల మధ్య చేతిలో వణికి పిట్టను తప్పించేస్తుంది.

గూడు దగ్గరికి వచ్చేసరికి కొమ్మ కథ ఇంకా ముదురుతుంది. పెద్ద వడ్రంగి మానులో తొర్ర చేసుకుంటే, మరుగుజ్జు సన్నటి ఎండు కొమ్మలో చేసుకుంటుంది. ద్వారం గుండ్రంగా, నాలుగు సెంటీమీటర్ల లోపు. చాలాసార్లు వాలుగా ఉన్న కొమ్మ కింది వైపు ఉంటుంది, వాన నీళ్లు లోపలికి పోవు. గుడ్లు తెల్లగా, సాధారణంగా మూడు నుంచి అయిదు. పసుపు నెత్తి పిట్ట ఎక్కువగా మూడు గుడ్లు పెడుతుంది. చీకటి తొర్రలో రంగు గుడ్లతో అవసరమేముంది!

గూటికి పనికొచ్చే ఎండు కొమ్మ ఏదైనా సరే అనుకుంటే పొరపాటు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొసలు మాడిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన ఆ డైబ్యాక్ తెగులుతో ఎండినవి ఎక్కువగా లేత రెమ్మలు. వేపలు మళ్లీ చాలావరకు చిగురించాయి. అలాంటి రెమ్మల్లో పురుగు దొరకవచ్చు గానీ తొర్రకు చోటుండదు. గూటికి కావలసింది కొన్నేళ్లుగా ఎండి, లోపల బూజు పట్టి మెత్తబడి, పైపెచ్చు మాత్రం గట్టిగా నిలిచిన కొమ్మ. పదిహేను గ్రాముల పిట్ట పచ్చి కలపను తవ్వలేదు. కలపను మెత్తబరిచే పని ముందు శిలీంధ్రం చేసిపెట్టాలి.

మన ఊళ్లో ముందు కొట్టేసేది సరిగ్గా ఆ కొమ్మనే. అపార్ట్‌మెంట్ సంఘాలకు ఎండు కొమ్మంటే టెన్షన్, కింద కార్లుంటాయి, పిల్లలాడుకుంటారు. ఆ భయంలో న్యాయముంది. కరెంటు తీగల మీదికి వంగిన కొమ్మలను వానాకాలం ముందు, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య నరికిస్తారు. ఆ రోజుల్లో తొర్రలో గుడ్లో పిల్లలో ఉండే అవకాశం ఎక్కువ. మనుషులు నడవని మూల, పార్కు లోపలి భాగం, చెరువు గట్టు అవతలి వైపు ఎండు కొమ్మను ఉంచితే ఎవరికీ నష్టం లేదు. అక్కడ కూడా శుభ్రత పేరుతో కొట్టేయడమే విడ్డూరం. 2015లో మొదలైన హరితహారం మొక్కలు నీడకు పనికొస్తాయి. మరుగుజ్జు వడ్రంగికి పనికిరావడానికి వాటికి ఇంకా వయసు రావాలి, కొన్ని కొమ్మలు చావాలి. పచ్చదనాన్ని ఎకరాల్లో, మొక్కల సంఖ్యలో కొలిచే లెక్కల్లో ఈ ఎండు కొమ్మకు గడి ఉండదు.

కొమ్మలో గుండ్రటి రంధ్రం కనిపిస్తే అది వడ్రంగిదే అనుకోవడానికి కూడా లేదు. కంసాలి పిట్ట కూడా ఎండు కొమ్మలోనే, తరచూ కింది వైపే, తొర్ర తొలుస్తుంది. పచ్చటి ఒళ్లు, ఎర్రటి నుదురు, ఎండ వేళ రాగి బిందె మీద సుత్తి వేసినట్టు "టుక్, టుక్, టుక్" అని గంటలకొద్దీ కూసే పిట్ట. మునగలాంటి మెత్తటి చెట్టు దానికి ఇష్టం. జనం ఇద్దరు చేతివృత్తులవాళ్ల పేర్లు పెట్టిన ఈ రెండు పిట్టలూ దూరపు చుట్టాలే, శాస్త్రం రెంటినీ పైసిఫార్మిస్ అనే ఒకే వర్గంలో ఉంచింది. జనం ఆ చుట్టరికాన్ని పనిముట్ల చప్పుడు బట్టి కనిపెట్టారేమో. రంధ్రం ఎవరిదో తేల్చడానికి తేలిక దారి, అరగంట దూరంగా నిలబడి ఎవరు వస్తారో చూడటమే. దగ్గరికి వెళ్లి ఫోన్ ఎత్తితే ఎవరూ రారు.

అలా నిలబడినప్పుడు మూడో పిట్ట రావచ్చు. వడ్రంగులూ కంసాలులూ వదిలేసిన తొర్రల్లో చేరే పిట్టల్లో పసుపు గొంతు పిచ్చుక ఒకటి. బూడిద గోధుమ రంగు, గొంతు మీద ఒక్క పసుపు చుక్క. బొంబాయిలో చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఆ పిచ్చుక పేరు తెలుసుకోవాలన్న కుతూహలమే ప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీని పక్షుల దారి పట్టించింది. ఆయన తర్వాత 1931, 32లలో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేశాడు. ఆ పిచ్చుకకు ముక్కుతో తొర్ర తవ్వడం రాదు. పోయినేడు వడ్రంగి తొలిచి వదిలిన కొమ్మ ఇంకా చెట్టు మీదే ఉంటే దూరుతుంది.